సంఘం ఫైళ్ళ తాళం ఎవరి దగ్గర ఉండాలి?



ఈసారి రాస్తున్నది పండుగ వార్త కాదు, సన్మానం వార్తా కాదు. సంఘం కాగితాల సంగతి. "అదేముంది, కార్యదర్శి చూసుకుంటాడు" అని దాటవేసే సంగతే. నేనూ అలాగే దాటవేశాను. దాని ఫలితం ఒక మే నెలలో మా నెత్తిమీదికి వచ్చింది. కోవిల్‌పట్టి, విరుదునగర్ రెండు ఊళ్ళలోనూ మేము పడ్డ తిప్పలు మరో సంఘం పడకూడదని ఇది రాస్తున్నాను.

నేను కంప్యూటర్ చదువు చదివినవాణ్ణి కాదు. ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాగా చేరి, గుమస్తాగానే రిటైరయ్యాను. తెలిసిందల్లా దస్త్రం ఎక్కడ పెట్టాలి, ఎవరికి ఇవ్వాలి, ఇచ్చినప్పుడు ఎవరి సంతకం తీసుకోవాలి అన్నదే. ఫోన్లోకి ఎక్కిన ఫైళ్ళకు కూడా కావలసింది అదేనని ఆలస్యంగా అర్థమైంది.

ఆ మే నెలలో ఏం జరిగింది

మా కోశాధికారి ఆ నెల మొదట్లో గుండెపోటుతో పోయారు. ఆయన నిజాయితీ గురించి ఎవరికీ రెండో మాట లేదు. పైసా పైసా రాసి పెట్టేవారు. అయితే రాసింది ఆయన సొంత ఖాతాలో, సొంత ఫోన్లో.

80జీ అనుమతి ఉన్న సంఘం, ఏడాదిలో తనకు వచ్చిన విరాళాల వివరం మే 31 లోపు ఆదాయపు పన్ను శాఖకు ఆన్‌లైన్లో ఇవ్వాలి. ఫారం 10బీడీ అంటారు. దాత పేరు, చిరునామా, పాన్ లాంటి గుర్తింపు నంబరు, ఇచ్చిన మొత్తం అందులో ఉండాలి. అది వేస్తేనే దాతకు 10బీఈ సర్టిఫికెట్ వస్తుంది. అది ఉంటేనే ఆయనకు పన్ను మినహాయింపు. ఆలస్యమైతే సంఘానికి రోజుకు 200 రూపాయల రుసుము, దానిపైన జరిమానా కూడా పడవచ్చు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం కాబట్టి ఫారాల నంబర్లు మీ ఆడిటర్‌ను అడిగి సరిచూసుకోండి. పని మాత్రం అదే.

మా దాతల జాబితా మొత్తం పోయినాయన ఖాతాలో ఉంది. మాకు చూసే వీలు కూడా లేదు. కర్మాంతరాలు కాకుండా ఆ ఇంటికి వెళ్ళి "ఆయన ఫోను తాళం చెప్పండమ్మా" అని ఎవరడుగుతారు? నాకు నోరు రాలేదు.

చివరికి మమ్మల్ని కాపాడింది రసీదు పుస్తకాల కౌంటర్‌ఫాయిళ్ళు. విరుదునగర్‌లో వసూలైన వాటి పుస్తకాలు ఒక సభ్యుడు సంచిలో వేసుకుని సాత్తూరు మీదుగా రైల్లో తెచ్చాడు. నలుగురం ఒక వారం కూర్చుని అన్నీ మళ్ళీ ఎక్కించాం. పాన్ నంబర్లు లేని దాతలకు ఒక్కొక్కరికీ ఫోన్ చేశాం. "ఈ కాలంలో ఫోన్లో పాన్ అడిగేవాడు దొంగే" అని ఇద్దరు పెట్టేశారు. వాళ్ళ మీద కోపం రాలేదు, మంచి జాగ్రత్తే. మే 31 రాత్రి పంపించి నిట్టూర్చాం.

తర్వాత కోయంబత్తూరు నుంచి వాళ్ళబ్బాయి వచ్చి, ఇంట్లో కంప్యూటర్లో ఆ ఖాతా ఇంకా తెరిచే ఉందని చూసి మమ్మల్ని పిలిచాడు. సంఘం ఫైళ్ళ మధ్యలో మనవరాలి పుట్టినరోజు ఫొటోలు, ఇంటి అప్పు కాగితాలు, ఆస్పత్రి రిపోర్టులు. మేము చూడకూడనివి మా కళ్ళ ముందుకు వచ్చాయి. ఆ కుర్రవాడు తలదించుకున్నాడు, మేమూ తలదించుకున్నాం. సంఘానిది సొంతానితో కలిస్తే ఇద్దరికీ ఇబ్బంది అని ఆ రోజు తెలిసింది.

రెండో దెబ్బ

ఆ పని ముగిసిందనుకున్న కొద్ది రోజులకు ఒక తల్లి ఫోన్ చేసింది. ఆమె కూతురు అంతకు ముందు ఏడాది మా దగ్గర చదువు సాయానికి దరఖాస్తు పెట్టుకుంది. దరఖాస్తుతో పాటు తండ్రి మరణ సర్టిఫికెట్, ఆదాయ సర్టిఫికెట్, ఆధార్ నకలు, తమ కష్టం చెబుతూ ఆ పిల్ల రాసిన ఉత్తరం ఇచ్చారు.

"అన్నా, ఆ ఉత్తరం మా ఆడబిడ్డ ఇంట్లో చదివారు. మీ సంఘం గ్రూపులోనే లింకు ఉందంటగా. సాయం అడిగినందుకు మా ఇంటి సంగతి ఊరంతా చదవాలా?"

నా దగ్గర జవాబు లేదు. చూస్తే ఆమె చెప్పింది నిజం. 2020లో కరోనా సమయంలో బియ్యం, సరుకులు పంచేటప్పుడు ఒక సభ్యుడి కొడుకు తొందరగా పని జరగాలని గూగుల్ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ తెరిచి, "లింకు ఉన్నవారెవరైనా" చూడవచ్చు, మార్చవచ్చు అని పెట్టి వాట్సాప్‌లో వేశాడు. ఆ రోజుకు అది మంచి పనే, దానివల్ల ఎన్నో ఇళ్ళకు సరుకులు చేరాయి. ఆ తర్వాత అన్నీ అందులోనే వేస్తూ పోయాం. మినిట్స్, లెక్కలు, పెళ్ళి సంబంధాల వివరాలు, పిల్లల దరఖాస్తులు. వీధి తలుపు తెరిచి ఉందన్న సంగతే మరిచాం. లింకు ఒక గ్రూపులో పడితే పది గ్రూపులకు పోతుంది. ఎవరు చూశారో తేల్చే దారి కూడా ఉండదు.

మన ఇళ్ళల్లో అడిగి తీసుకోవడం చిన్న విషయం కాదు. ఆ తల్లి మా గడప తొక్కడానికి ముందు ఎన్ని రాత్రులు ఆలోచించి ఉంటుందో. ఆ నమ్మకం పోతే సంఘం పెట్టే సాయానికి అర్థం లేదు. ఆ సాయంత్రమే లింకు మూసేశాను. మర్నాడు వాళ్ళింటికి వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాను.

నాలుగు మాటలు తెలిస్తే చాలు

ఫైళ్ళు సరిచేసే ముందు మా కార్యవర్గానికి నాలుగు మాటలు అర్థమయ్యేలా చెప్పాల్సి వచ్చింది. ఆఫీసు రికార్డు గదితో పోల్చి చెప్పాను.

ఓనర్: గదికి సొంతదారు. ఫైలు ఎవరి ఖాతాలో పుట్టిందో వారిదే. సొంతదారు దాన్ని శాశ్వతంగా తీసేస్తే అందరికీ పోతుంది. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. సంఘం ఫోల్డర్లో నేను ఒక ఫైలు వేస్తే అది సంఘానిది అయిపోదు, నాదిగానే ఉంటుంది. ఫోల్డర్ ఒకరిది, లోపలి ఫైళ్ళు పదిమందివి కావచ్చు.

ఎడిటర్: ఫైలు తెరిచి రాయగలవారు, కొట్టేయగలవారు. మనం ప్రత్యేకంగా ఆపకపోతే ఇంకొకరిని లోపలికి పిలవగలరు కూడా. ఆపే వీలు సెట్టింగుల్లో ఉంది.

కామెంటర్: అసలు కాగితం ముట్టుకోకుండా పక్కన చీటీ అంటించగలవారు.

వ్యూయర్: చదవగలవారు, అంతే. వీరు దించుకోకుండా, ప్రింటు తీయకుండా కూడా పెట్టవచ్చు. ఫోన్ తెరను ఫొటో తీస్తే మాత్రం ఏ సెట్టింగూ ఆపలేదు.

ఇంకొక సంగతి: పై ఫోల్డర్లో ఇచ్చిన అనుమతి లోపలి ఫోల్డర్లన్నిటికీ దిగుతుంది. హాలు తాళం ఇస్తే గదుల తాళాలూ ఇచ్చినట్టే. అందుకే రహస్యంగా ఉండాల్సిన ఫోల్డర్‌ను అందరి ఫోల్డర్ లోపల పెట్టకూడదు. మేము చేసిన తప్పు అదే.

మేము చేసిన పని, వరుసగా

మొదట ఏదీ కదపలేదు, ఏదీ తీసేయలేదు. ఒక పొడుగు నోటుపుస్తకంలో జాబితా రాశాం: ఏ ఫైలు, ఎవరి ఖాతాలో, ఎవరెవరికి తెరిచి ఉంది, ఇంకా అవసరమా. ఇది విసుగు పుట్టించే పని. దీన్ని దాటవేసి ఫైళ్ళు అటూ ఇటూ మారిస్తే ఏది పోయిందో కూడా తెలియదు. ఆఫీసులో ఛార్జి అప్పగించేటప్పుడు ముందు లిస్టు, తర్వాతే తాళం.

రెండోది, సంఘం పేరిట ఒక ఖాతా తెరిచాం. దానికి ఎవరి సొంత నంబరూ ఇవ్వలేదు, సంఘం పేరిట ఒక సిమ్ తీసుకున్నాం. దాని రీచార్జ్ తేదీ కోశాధికారి క్యాలెండర్లో ఉంటుంది. రీచార్జ్ మరిచిపోయి సిమ్ రద్దయితే ఆ నంబరు కొన్నాళ్ళకు మరొకరికి వెళ్తుంది, మన తాళం కూడా వారి చేతికి వెళ్ళినట్టే. రెండంచెల తాళం పెట్టాం. గూగుల్ ఇచ్చే 10 బ్యాకప్ కోడ్లు ప్రింటు తీసి, కవరులో పెట్టి, అధ్యక్షుడు, కార్యదర్శి ఇద్దరం కవరు మీద సంతకం చేసి సంఘం బీరువాలో పెట్టాం. ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది, వాడితే కొట్టేయాలి.

ఈ ఖాతా పాస్‌వర్డ్ పదిమందికి చెప్పలేదు. రోజువారీ పని ఎవరి ఖాతా నుంచి వారే చేస్తారు. సంఘం ఖాతా సొంతదారుగా ఉంటుంది, మిగతావారికి అనుమతి ఇస్తుంది. అందరూ ఒకే పాస్‌వర్డ్‌తో లోపలికి వస్తే ఎవరు ఏం మార్చారో ఎప్పటికీ తెలియదు.

మూడోది, సొంతదారు మార్పు. ఒక్కొక్క సభ్యుడి దగ్గరికి వెళ్ళి, ఆయన ఖాతాలో ఉన్న సంఘం ఫైళ్ళు సంఘం ఖాతాకు అప్పగించమన్నాం. మామూలు ఖాతాల మధ్య ఇది ఆహ్వానం లాంటిది. ఆయన పంపాలి, ఇటువైపు ఒప్పుకోవాలి, అప్పుడే మారుతుంది. వయసు మళ్ళినవారి ఇళ్ళకు మా యువకులు ఇద్దరు వెళ్ళి పక్కన కూర్చుని చేయించారు. పాస్‌వర్డ్ మాత్రం వాళ్ళే కొట్టాలి, మనం చూడకూడదు అన్నది ముందే పెట్టుకున్న నియమం.

నాలుగోది, ఫోల్డర్లు. ముందు ముప్పై పేర్లు రాసుకున్నాం, కొట్టేస్తూ పోతే ఏడు మిగిలాయి.

1. రిజిస్ట్రేషన్ కాగితాలు: సంఘం సర్టిఫికెట్, బైలా, పాన్, 12ఏ, 80జీ ఉత్తర్వులు. కార్యవర్గం చూడవచ్చు, కార్యదర్శి తప్ప ఎవరూ మార్చలేరు.
2. మినిట్స్: కార్యదర్శి రాస్తారు, కార్యవర్గం కామెంట్ చేయవచ్చు. ఆమోదం అయ్యాక పీడీఎఫ్‌గా మార్చి పెడతాం.
3. లెక్కలు, రసీదులు: కోశాధికారి, సహాయ కోశాధికారి రాస్తారు. అధ్యక్షుడు, కార్యదర్శి, ఆడిటర్ చూస్తారు.
4. సభ్యుల పట్టిక: ఇద్దరు మాత్రమే మార్చగలరు.
5. చదువు సాయం: ఎంపిక కమిటీ ముగ్గురికే. మిగతా కార్యవర్గానికి కూడా తలుపు మూసే ఉంటుంది. అధ్యక్షుడైనా సరే.
6. పండుగలు, ఫొటోలు: సభ్యులందరూ చూడవచ్చు.
7. పాత చరిత్ర: దీని సంగతి చివర చెబుతాను.

ఐదో ఫోల్డర్ ఏడింటిలోనూ పూర్తిగా విడిగా ఉంది. ఎంపిక ముగిశాక ముగ్గురు సభ్యులు పేరు, ఇచ్చిన మొత్తం, ఏడాది మాత్రం లెక్కల్లోకి పంపుతారు. ఇంటి కష్టం చెప్పే ఉత్తరం లెక్కల్లోకి రానవసరం లేదు. ఆధార్ నకలు అడగాల్సి వస్తే మాస్క్‌డ్ ఆధార్ అడుగుతున్నాం. అందులో మొదటి 8 అంకెలు కనబడవు, చివరి 4 మాత్రమే ఉంటాయి. ఆధార్ వెబ్‌సైటులోనే దించుకోవచ్చు.

ఐదోది, అనుమతి మనిషికి కాదు, పదవికి. కోశాధికారి మారిన రోజు పాతవారి పేరు తీసి కొత్తవారి పేరు పెట్టాలి. అదే రోజు, అదే సమావేశంలో. ఇది ఒక తీర్మానంగా మినిట్స్‌లో రాసుకున్నాం. తమిళనాడు సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం, 1975 కింద నమోదైన మన సంఘాలు కార్యవర్గం మారితే రిజిస్ట్రార్‌కు ఎటూ తెలపాలి. ఆ కాగితం పంపే రోజే డ్రైవ్‌లో పేర్లు కూడా మార్చితే మరిచిపోవడం ఉండదు.

పేర్ల చిక్కు

ఈ పనిలో మాకు ఎక్కువ కాలం పట్టింది కంప్యూటర్ వల్ల కాదు, మన పేర్ల వల్ల.

ఆంధ్రలో అయితే ఇంటిపేరు ముందుంటుంది. తరతరాలుగా కరిసల్ నేలలో ఉన్న మనకు బడి రిజిస్టర్లోనూ రేషన్ కార్డులోనూ తండ్రి పేరు మొదటి అక్షరమే ఇనిషియల్. ఇంటిపేరు పెళ్ళి మాటల్లో, కులదైవం గుడిలో మాత్రమే వినబడుతుంది. అందువల్ల మా పట్టికలో ఒకే ఇనిషియల్‌తో ఒకే పేరున్న శ్రీనివాసన్‌లు పలువురు. ఒకరి పేరే ఒక చోట రామస్వామి, ఒక చోట రామసామి. ఇంగ్లీషులో ఒక్కొక్కరూ ఒక్కో స్పెల్లింగు. వెతికితే దొరకదు, దొరికితే మరొకరిది.

అందుకని ప్రతి కుటుంబానికి ఒక సభ్యత్వ నంబరు ఖాయం చేశాం. దరఖాస్తు, రసీదు, ఫైలు పేరు అన్నిటిలోనూ ముందు ఆ నంబరు. తేదీ రాసేటప్పుడు ఏడాది ముందు, తర్వాత నెల, తర్వాత రోజు: 2025-04-13 అన్నట్టు. అలా రాస్తే కంప్యూటర్ తానే వరుసలో పేరుస్తుంది. "కొత్తది", "ఫైనల్", "ఫైనల్ 2", "అసలు ఫైనల్" అనే పేర్లు మా దగ్గర ఇక నిషేధం.

లిపి విషయంలో పెద్ద చర్చ జరిగింది. పెద్దలకు తెలుగు లిపి వచ్చు. మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో చదివింది తమిళం. ఆడిటర్‌కు ఇంగ్లీషు కావాలి. తెలుగు సంఘం ఫైళ్ళకు ఇంగ్లీషు పేర్లా అని ఒక సభ్యురాలు బాధపడింది. ఆమె బాధలో న్యాయం ఉంది. చివరికి ఏడు ఫోల్డర్ల పేర్లు తెలుగులో, పక్కనే తమిళంలో. లోపలి ఫైళ్ళ పేర్లు వెతకడానికి వీలుగా ఇంగ్లీషు అక్షరాల్లో. లోపల ఎవరికి వచ్చిన లిపిలో వారు రాయవచ్చు. దీనివల్ల ఒక మేలు జరిగింది. ఫోల్డర్ మీద పేరు చదవడానికి మా యువకులు ఇద్దరు తెలుగు అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెట్టారు.

మామకు చెప్పాల్సిన మాట

అన్నిటికంటే కష్టమైనది ఇది. విరుదునగర్‌లో మా పూర్వాధ్యక్షులు ఉన్నారు, ఎనభై దాటాయి. నేను మామా అని పిలుస్తాను. సంఘం తిన్నెమీద చాప పరిచి నడిచిన రోజుల నుంచి మోసినవారు. ఆయనకు అన్ని ఫోల్డర్లలో ఎడిటర్ అనుమతి ఉండేది.

ఒక రాత్రి సభ్యుల పట్టికలో పేర్లు అక్షరక్రమంలో పెడదామని ఆయన ఒక్క పేర్ల వరుసను మాత్రమే మార్చారు. పేర్లు కదిలాయి, ఫోన్ నంబర్లు ఉన్నచోటే ఉన్నాయి. మర్నాడు పెళ్ళి ఇంటికి చేయాల్సిన ఫోన్ చావు ఇంటికి వెళ్ళింది. పట్టికకు "వెర్షన్ హిస్టరీ" అనేది ఉంటుంది, పాత రూపాలను తేదీలతో దాచి పెడుతుంది. దానితో ముందు రోజు రూపాన్ని తిరిగి తెచ్చుకున్నాం. ఎవరి ఖాతా నుంచి మారిందో కూడా అది చూపింది. ఆ పేరు నేను ఎవరికీ చెప్పలేదు.

ఆయన అనుమతిని వ్యూయర్‌గా మార్చాల్సి వచ్చింది. ఫోన్లో చెప్పే మాట కాదని రైలెక్కి వెళ్ళాను. కాఫీ ఇచ్చారు, విన్నారు. తర్వాత అన్నారు:

"ఏమప్పా, యాభై ఏళ్ళు మోసిన సంఘంలో నన్ను చూసేవాడిగా మాత్రం పెట్టావా?"

నేను చెప్పింది ఇంతే. "మామా, నేను రిటైరైన రోజు సాయంత్రం ఐదింటికి రికార్డు గది తాళం అప్పగించి సంతకం పెట్టాను. మర్నాడు ఏదో కాగితం కోసం వెళ్తే నన్ను బెంచీ మీద కూర్చోబెట్టారు. మనసుకు కష్టంగానే ఉండింది. కానీ ఆ గదిలో ఆ తర్వాత ఏం పోయినా నా మీద మాట రాలేదు. మీ మీద కూడా రాకూడదు."

చాలాసేపు మాట్లాడలేదు. నేను చెప్పులు వేసుకుంటుంటే, ఉండమని లోపలికి వెళ్ళి మనవడి చేత ఒక ట్రంకు పెట్టె బయటికి తీయించారు. అందులో సంఘం మొదటి మినిట్స్ పుస్తకాలు, వసూళ్ళ పుస్తకం, పాత ఫొటోలు. పోయాయని మేమందరం అనుకున్నవి. మొదటి పుస్తకాలు తెలుగులో ఉన్నాయి, గుండ్రటి చేతిరాత. తర్వాతి పుస్తకాల్లో మెల్లగా తమిళం వచ్చింది. సంతకాలు మాత్రం చివరిదాకా కొందరివి తెలుగులోనే.

"తీసుకుపో. రసీదు ఇచ్చి తీసుకుపో" అన్నారు. తెల్లకాగితం మీద లిస్టు రాసి, సంతకం చేసి ఇచ్చాను.

ఏడో ఫోల్డర్ అదే. పుస్తకాలన్నీ స్కాన్ చేసి పెట్టాం. అందులో మామకు కామెంటర్ అనుమతి ఇచ్చాం. ఇప్పుడు మనవడిని పక్కన పెట్టుకుని, ఫొటోలో ఎవరు ఎవరో, ఏ ఇంటివారో ఒక్కొక్కదానికీ రాయిస్తున్నారు. ఆ పని ఆయన తప్ప ఇంకెవరూ చేయలేరు. పక్కనే ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు మనవాళ్ళు ఈ నేలకు వచ్చిన కథను తమిళంలో "గోపల్ల గ్రామం"గా రాసి లోకానికి ఇచ్చారు. మా సంఘంలో అంతటివారు లేరు. ఫొటో కింద నలుగురి పేర్లు రాసి పెట్టడం మాత్రం మా చేతిలో ఉంది.

ఎంతకాలం దాచాలి, ఏది తీసేయాలి

పన్ను నమోదు ఉన్న ధార్మిక సంస్థలు లెక్కల పుస్తకాలు, సంబంధిత పత్రాలు, అసెస్‌మెంట్ ఏడాది ముగిసిన నాటి నుంచి 10 ఏళ్ళు దాచాలని 2022లో వచ్చిన 17ఏఏ నిబంధన చెప్పింది. ఉదాహరణకు 2024-25 లెక్కలకు అసెస్‌మెంట్ ఏడాది 2025-26. అంటే అవి 2036 మార్చి 31 దాకా ఉండాలి. కంప్యూటర్లో దాచవచ్చు, అడిగినప్పుడు చూపగలగాలి. రిజిస్ట్రేషన్ కాగితాలు, మినిట్స్ ఎప్పటికీ ఉండాలి.

సొంత వివరాలకు మాత్రం పద్ధతి వేరు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి నిబంధనలు 2025 నవంబరులో ప్రకటించారు. దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. దాని సారం మన పెద్దలు చెప్పిందే: ఎందుకని అడిగి తీసుకున్నామో అందుకే వాడాలి, పని తీరాక ఉంచుకోకూడదు, పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. అందుకని సాయం దొరకని విద్యార్థుల దరఖాస్తులు, నకళ్ళు ఎంపిక ముగిశాక తీసేస్తున్నాం. కాగితాలైతే తిరిగి ఇస్తున్నాం. సాయం పొందినవారివి ఆడిటర్ చెప్పిన మేరకే ఉంచుతున్నాం.

తీసేసింది 30 రోజులు చెత్తబుట్టలో ఉంటుంది, తర్వాత శాశ్వతంగా పోతుంది. తప్పు జరిగితే ఆ 30 రోజుల్లోనే చూసుకోవాలి. అందుకే నెలకొకసారి సహాయ కార్యదర్శి చెత్తబుట్ట చూడాలని డ్యూటీ వేశాం.

చోటు, ఖర్చు

మామూలు గూగుల్ ఖాతాకు ఉచితంగా వచ్చేది 15 జీబీ. మెయిల్, ఫొటోలు, ఫైళ్ళు అన్నీ అందులోనే. కాగితాలకు అది చాలు, వీడియోలు దాన్ని తినేస్తాయి. పండుగ వీడియోలు విడిగా హార్డ్ డిస్కులో పెట్టాం. రెండేళ్ళు వాడకుండా వదిలేసిన ఖాతాను గూగుల్ తీసేసే అవకాశం ఉంది కాబట్టి సంఘం ఖాతాను అప్పుడప్పుడు తెరుస్తూ ఉండాలి.

నమోదైన ధార్మిక సంస్థలకు గూగుల్ ఉచితంగా ఇచ్చే పథకం కూడా ఉంది. దానికి కాగితాలు చూపాలి, సొంత వెబ్ చిరునామా ఉండాలి. అందులో "షేర్డ్ డ్రైవ్" అనే ఏర్పాటు ఉంది. అక్కడ పెట్టిన ఫైలు మనిషిది కాదు, సంస్థది. మనిషి వెళ్ళిపోయినా ఫైలు నిలుస్తుంది. పెద్ద సంఘాలు అటు వెళ్ళడమే మేలు. మేము ఈ ఏడాదికి ఉచిత ఖాతాతోనే నడుపుతున్నాం, పద్ధతి అలవాటయ్యాక మారతాం. పద్ధతి లేకుండా వెళ్తే అక్కడా ఇదే చెత్త పేరుకుంటుంది.

కాగితం మాత్రం వదలకండి. రసీదు పుస్తకం కౌంటర్‌ఫాయిల్ లేకపోతే ఆ మే నెలలో మేము నిలబడేవాళ్ళం కాదు. మినిట్స్ పుస్తకంలో చేతి సంతకాలు ఇప్పటికీ చేస్తున్నాం.

మీ ఇంట్లో కూడా

చివరిగా సంఘాల వారికే కాదు, ప్రతి కుటుంబానికి ఒక మాట. ఇంటి పట్టా నకలు, బీమా కాగితాలు, బ్యాంకు వివరాలు ఎవరి ఫోన్లో ఉన్నాయో ఈ రాత్రి భోజనాల దగ్గర అడగండి. చాలా ఇళ్ళల్లో అవి ఒక్కరికే తెలుసు. గూగుల్ ఖాతాలో "ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్" అనే ఏర్పాటు ఉంది. ఖాతా ఇన్ని నెలలు కదలకపోతే ఫలానా వారికి తెలపండి, ఫలానావి ఇవ్వండి అని మనమే ముందుగా రాసి పెట్టవచ్చు. నేను నా భార్య పేరు, నా కూతురు పేరు పెట్టాను. పెట్టేటప్పుడు నా భార్య "అశుభం మాటలెందుకు" అంది. మా కోశాధికారి గారి ఇంటి సంగతి గుర్తుచేశాను. మరి మాట్లాడలేదు.

ఆ తల్లి ఈ ఏడాది మళ్ళీ దరఖాస్తు తెచ్చింది, ఈసారి చిన్న కూతురికి. కవరు నా చేతికి ఇస్తూ, "ఇది ఎవరెవరు చూస్తారన్నా?" అని అడిగింది. ముగ్గురి పేర్లు చెప్పాను. తల ఊపి కవరు ఇచ్చింది. మీ సంఘంలో ఎవరైనా ఆ ప్రశ్న అడిగితే, మీరు కూడా పేర్లు చెప్పగలగాలి.